టీడీఎస్ మీటరు చెప్పని సంగతులు

2024 అక్టోబరులో, దసరా పండుగ రోజుల్లో, సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ మండలం సంజీవన్‌రావుపేటలో జనం వాంతులు, విరేచనాలతో మంచం పట్టారు. ఇద్దరు చనిపోయారు. యాభై మంది దాకా ఆసుపత్రుల పాలయ్యారు. మిషన్ భగీరథ నీళ్లు కొన్ని రోజులుగా రాకపోతే ఊళ్లోని బావి నీళ్లు తాగామని, ఆ తర్వాతే ఇదంతా మొదలైందని గ్రామస్థులు చెప్పారు. అదే నెలలో విజయనగరం జిల్లా గుర్ల మండలంలోనూ అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అంతకుముందు 2018 మార్చిలో గుంటూరులో, 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నల్లా నీళ్లే మనుషుల్ని బలి తీసుకున్నాయి.

ఇలాంటివి జరిగినప్పుడల్లా "చూసుకుని తాగొద్దా" అనే మాట వినిపిస్తుంది. ఆ మాట అన్యాయం. చూసుకునే తాగుతారు. బిందెలో పట్టి, గుడ్డతో వడకట్టి, గ్లాసులో పోసి చూస్తే తేటగా ఉంటాయి. వాసన ఉండదు, రుచిలో తేడా ఉండదు. మనిషి ప్రాణం తీయగల కల్మషాల్లో చాలావరకు కంటికీ ముక్కుకూ నాలుకకూ అందవు. కాబట్టి వాటిని పట్టుకునే పరీక్ష ఏది, ఏ పరీక్ష దేన్ని పట్టుకోలేదు అన్నది ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో నీటి మంచిచెడులను తేల్చేది టీడీఎస్ మీటరు మీద కనిపించే అంకె ఒక్కటే. అతిసారానికి సంబంధించినంత వరకు ఆ అంకెకు ఏ విలువా లేదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. మనిషి పేగుల్లో సహజంగా ఉండే ఈ.కోలి అనే సూక్ష్మజీవి ఒక గ్రాము మలంలో తక్కువలో తక్కువ కోటి దాకా ఉంటుంది. ఆ ఒక్క గ్రాము పదివేల లీటర్ల ట్యాంకులో కలిసిందనుకోండి. లీటరుకు వెయ్యి, వంద మిల్లీలీటర్లకు వంద సూక్ష్మజీవులు వస్తాయి. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రకారం వంద మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కోలి కూడా కనిపించకూడదు. అంటే ఆ ట్యాంకు నీళ్లు తాగడానికి ఏమాత్రం పనికిరావు. అయినా గ్లాసులో పోస్తే తేటగానే ఉంటాయి. నీళ్లు కాస్త మసకబారినట్టు కంటికి తెలియాలంటే ఒక్క మిల్లీలీటరులోనే సూక్ష్మజీవులు లక్షల్లో, కోట్లలో ఉండాలి. అంత దాకా వస్తే అది తాగునీరు కాదు, మురుగే.

ఈ.కోలిలో చాలా రకాలు హాని చేయవు. అయినా దాని కోసమే ఎందుకు వెతుకుతారంటే, అది కనిపించిందంటే ఆ నీటిలోకి మలం చేరిందని అర్థం. మలం వచ్చిన దారిలోనే కలరా, టైఫాయిడ్, కామెర్లు, రక్త విరేచనాలు తెచ్చే క్రిములూ రాగలవు. ఒక్కో జబ్బు క్రిమిని విడివిడిగా వెతకడం ఖర్చుతో, కాలయాపనతో కూడిన పని. అందుకే ఈ ఒక్క జీవిని జాడగా పెట్టుకుని నీటిని పరీక్షిస్తారు.

మలం కలిసిన నీటికి మనిషి అంత త్వరగా ఎందుకు కుప్పకూలిపోతాడో తెలుసుకోవడానికి కలరా మంచి ఉదాహరణ. 1959లో కోల్‌కతాలో శంభునాథ్ డే అనే శాస్త్రవేత్త, కలరా క్రిమి విడుదల చేసే విషమే జబ్బుకు కారణమని కుందేలు పేగుల్లో చేసిన ప్రయోగంతో నిరూపించారు. ఆ విషం పేగు గోడల్లోని కణాలను లవణాలు, నీరు ఆగకుండా బయటికి వదిలేసేలా చేస్తుంది. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోతుంది. మనిషిని చంపేది క్రిమి కాదు, ఒంట్లోంచి పోయిన నీరూ ఉప్పూ. ఇక్కడే ఓఆర్‌ఎస్ ప్రాణం నిలబెడుతుంది. విషం ఎంత పనిచేస్తున్నా, చక్కెరతో కలిపి ఉప్పును లోపలికి లాక్కునే దారి పేగులో తెరిచే ఉంటుంది. ఉప్పు వెంట నీరూ వెళుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ సీసాలు అయిపోయాక ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఇప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద చెప్పిన కొలత ప్రకారం, సాధారణంగా లీటరు మంచినీళ్లలో, కలిపి తాగిస్తే చాలు. కొందరు విరేచనాలు తగ్గుతాయని నీళ్లు తాగించడమే మానేస్తారు. అంతకంటే ప్రమాదం ఇంకొకటి లేదు.

నల్లా ఆగిన రోజున

నారాయణఖేడ్‌ను ఆ చుట్టుపక్కల జనం ఖేడ్ అంటారు. కర్ణాటక సరిహద్దును ఆనుకున్న నేల ఇది. బీదర్ ఇక్కడికి దగ్గరే. మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర లాతూరు, బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చేది ఈ వైపునుంచే. ఆ నీళ్లను సింగూరు జలాశయంలో నిలిపి, శుద్ధి చేసి, పైపుల్లో పల్లెలకూ తండాలకూ పంపుతారు. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమయ్యాక ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. మైళ్ల దూరం నడిచి బిందెలు మోసిన ఆడవాళ్లకు అది ఎంత పెద్ద మార్పో మాటల్లో చెప్పలేం. ఆ నల్లా ఆగిన రోజే కష్టం మొదలవుతుంది. ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని బావి ఒక్కసారిగా మళ్లీ తాగునీటి బావి అవుతుంది. ఆ బావిలో బ్లీచింగ్ ఎప్పుడు వేశారో ఎవరికీ గుర్తుండదు.

ఖేడ్, జహీరాబాద్ వైపు నేల స్వభావం కూడా తెలుసుకోవాలి. తెలంగాణలో ఎక్కువ భాగం గ్రానైటు రాళ్ల మీద ఉంటే, ఈ పడమటి అంచులో నల్లరేగడి కింద ఉన్నది దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల క్రితం పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టిన నల్లరాయి. అక్కడక్కడా దానిపైన ఎర్రటి జేగురు రాతి పొర. ఇలాంటి రాతిలో నీరు పగుళ్లలో, శిథిలమైన పై పొరలో ఉంటుంది. ఇసుక నేలలో నీరు మెల్లగా ఇంకుతూ కొంత శుభ్రపడుతుంది. రాతి పగుళ్లలో ఆ అవకాశం తక్కువ. మరుగుదొడ్డి గుంత నుంచో పశువుల కొట్టం నుంచో బయల్దేరిన మురుగు పగులు దొరికితే బావి దాకా త్వరగా చేరుకుంటుంది. వానాకాలం ముగిసే రోజుల్లో నీటి మట్టం పైకొచ్చి గుంతల అడుగును తాకుతుంది. గట్టు లేని బావి అయితే ఊరి వాననీరు నేరుగా అందులోకే దిగుతుంది.

బావి సంగతి సరే, తిరిగొచ్చిన నల్లా నీళ్లయినా వెంటనే నమ్మదగినవేనా? కాదు. పైపులో నీళ్లు నిండుగా, ఒత్తిడితో ఉన్నంత సేపు చిన్న పగులు నుంచి నీరు బయటికే కారుతుంది, బయటిది లోపలికి రాదు. సరఫరా ఆగగానే పల్లంలో ఉన్నవాళ్లు పట్టుకునే కొద్దీ పైపులో శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు అదే పగులు బయటి తడిని లోపలికి పీలుస్తుంది. మన ఊళ్లలో పైపులు చాలాచోట్ల మోరీల పక్క నుంచో, మోరీల్లో నుంచో పోతాయి. ఒత్తిడి చాలక నేలను తవ్వి గుంతలో నల్లా బిగించుకున్న ఇళ్లూ కనిపిస్తాయి. ఆ గుంతలో నిలిచిన మురికినీరు తెరిచి ఉన్న నల్లా మూతి గుండా వెనక్కి పోతుంది. కొందరు నల్లాకు నేరుగా మోటారు పెట్టి లాగుతారు. దాంతో శూన్యం ఇంకా పెరిగి, పక్కింటి గుంతలోని మురుగు అందరి పైపులోకి చేరుతుంది.

దీన్ని లెక్కలతో చూపిన అధ్యయనం మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడలో అప్పట్లో కొన్ని వార్డులకు ఇరవై నాలుగు గంటలూ నీళ్లు వచ్చేవి, మిగతా వార్డులకు కొన్ని రోజులకు ఒకసారి. రెండు వైపులా నీరు ఒకటే, శుద్ధి చేసే తీరూ ఒకటే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎమిలీ కుంపెల్, కారా నెల్సన్ నల్లాల దగ్గర నమూనాలు తీసి 2013లో ఫలితాలు ప్రచురించారు. నిరంతరం నీళ్లొచ్చే చోట నూటికి ఒక్క నమూనాలో కూడా ఈ.కోలి కనిపించలేదు, 0.7 శాతమే. ఆగి ఆగి వచ్చే చోట 31.7 శాతం నమూనాల్లో ఉంది. శుద్ధి కేంద్రంలో ఎంత శ్రద్ధ పెట్టినా దారిలో ఇంత తేడా వస్తుందన్నమాట. సరఫరా ఆగడాన్ని అసౌకర్యంగా మాత్రమే చూడటం మానాలి, అది ఆరోగ్య ప్రమాదం.

కాస్త మందు వాసన

ఈ దారి ప్రమాదానికి విరుగుడుగానే క్లోరిన్‌ను కొంచెం ఎక్కువగా కలుపుతారు. శుద్ధి కేంద్రంలో ఉన్న క్రిములను చంపాక కొంత మిగిలి, నీటితో పాటు ఇంటి నల్లా దాకా రావాలి. చివరి ఇంటి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రమాణం. అంత చిన్న మోతాదు ఏం చేస్తుందనుకోవద్దు. దారిలో కొద్దిగా మురుగు చేరితే ఆ క్లోరిన్ దానిమీద ఖర్చయిపోతుంది. కాబట్టి రోజూ వచ్చే క్లోరిన్ ఒకరోజు హఠాత్తుగా కనిపించకపోతే, ఎక్కడో ఏదో కలిసిందని అందరికంటే ముందు చెప్పేది అదే. ఈ.కోలి పరీక్ష ఫలితం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. క్లోరిన్ పరీక్షకు ఒక్క నిమిషం చాలు. చిన్న గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి, కిట్‌లోని చుక్కలు వేస్తే పసుపు రంగో, మాత్ర వేసే కిట్ అయితే గులాబీ రంగో వస్తుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూస్తే ఎంతుందో తెలుస్తుంది. రంగు రాకపోతే ఆ నీటికి కాపలా లేదని అర్థం.

"మందు వాసన వస్తోంది, బోరు నీళ్లే నయం" అని నల్లా నీళ్లు వదిలేసేవాళ్లు పల్లెల్లో చాలామంది. వాళ్ల ఇబ్బంది నిజమే. కానీ ఆ వాసన లేకపోతేనే భయపడాలి. బిందెలో పట్టి మూత వదులుగా పెట్టి కొంతసేపు ఉంచితే వాసన తగ్గుతుంది.

బావికి మందు వేయడం కూడా చేతికి వచ్చినంత చల్లే పని కాదు, దానికో లెక్క ఉంది. బావి అడ్డుకొలతను మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చించి, నీటి లోతుతో హెచ్చించి, మళ్లీ 3.14తో హెచ్చించి నాలుగుతో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. నాలుగు మీటర్ల అడ్డుకొలత, మూడు మీటర్ల నీళ్లు ఉన్న బావిలో దాదాపు 37,700 లీటర్లుంటాయి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పొడి దాదాపు 95 గ్రాములు కావాలి. మురుగు చేరిన బావికి, మట్టి నీళ్ల బావికి ఇంకా ఎక్కువ పడుతుంది. మందు వేశాక గంటకు పరీక్షిస్తే క్లోరిన్ లీటరుకు అర మిల్లీగ్రామైనా మిగిలి ఉండాలి. లేకపోతే వేసింది చాల్లేదన్నమాట. పొడిని నేరుగా బావిలో చల్లితే ముద్దలై అడుగుకు పోతుంది. బకెట్‌లో ముందు పేస్టులా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు పేరుకున్నాక పైన తేరిన నీటిని వేరే బకెట్‌లోకి వంచి, దాన్ని తాడుతో నీటి మట్టం కిందికి దించి పైకీ కిందికీ ఆడించాలి. రాత్రి వేసి పొద్దున వాడుకోవడం మేలు.

అన్నింటికంటే ముఖ్యం, ఆ పొడి తాజాదై ఉండాలి. మంచి పొడిలో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. పంచాయతీ గదిలో మూతి విప్పిన సంచిలో నెలల తరబడి ఉన్న పొడిలో గాలికి, తేమకు, ఎండకు ఆ బలం పోయి సున్నమే మిగులుతుంది. అది వేసి "మందు వేశాం" అని రిజిస్టరులో రాసుకోవడం వల్ల ఎవరి ప్రాణమూ నిలబడదు.

సూక్ష్మజీవులను ఊళ్లోనే పట్టుకునే చవకైన పరీక్ష కూడా ఉంది. అది పుట్టింది మన దేశంలోనే. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థలో కె.ఎస్. మంజ, ఆయన సహచరులు 1982లో దీన్ని ప్రచురించారు. చిన్న సీసాలో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. గుర్తు దాకా నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలం నుంచి వచ్చిన సూక్ష్మజీవులు ఉంటే అవి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును తయారుచేస్తాయి. అది కాగితంలోని ఇనుముతో కలిసి నీళ్లన్నీ నల్లబడతాయి. చదువు రాని అవ్వ కూడా ఆ నలుపును చూసి ఆ నీళ్లు తాగకూడదని చెప్పగలదు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇచ్చి కిట్లు అందజేయాలన్నది నియమం. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు, కిట్ ఎక్కడుందని పంచాయతీలో అడగండి.

తేట చేయడానికి మన ఇళ్లలో పాత పద్ధతులు ఉన్నాయి. పటిక తిప్పుతారు, ఇండుప గింజ అరగదీసి కలుపుతారు. మట్టి అడుగుకు దిగుతుంది, నీళ్లు అద్దంలా అవుతాయి. దాంతో కొన్ని క్రిములూ దిగుతాయి గానీ అన్నీ కాదు. పాత చీరను నాలుగు మడతలు వేసి వడకట్టడం అంతకంటే మేలైన పని. బంగ్లాదేశ్‌లో 65 ఊళ్లలో రీటా కోల్వెల్ బృందం దాన్ని పరీక్షించి, కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రకటించింది. కలరా క్రిములు నీటిలోని చిన్న చిన్న ప్రాణుల ఒంటికి అంటుకుని ఉంటాయి, ఆ ప్రాణులు చీర మడతల్లో చిక్కుకుపోతాయి. రాగి బిందెలో పదహారు గంటలు ఉంచితే విరేచనాల క్రిములు చచ్చిపోతాయని బెంగళూరు పరిశోధకులు 2012లో ప్రయోగశాలలో చూపారు. ఇవన్నీ ప్రాణం కాపాడే అదనపు జాగ్రత్తలే, మురుగు కలిసిందన్న అనుమానం ఉన్న నీటికి మాత్రం ఇవి చాలవు. అప్పుడు సలసల కాగనిచ్చి, ఆ కాగడాన్ని ఒక నిమిషమైనా సాగనివ్వాలి, లేదంటే క్లోరిన్ మాత్ర వేయాలి.

కాచినా పోనివి

ఇక రెండో జాతి కల్మషాలు. ఇవి రాత్రికి రాత్రి పడగొట్టవు, ఏళ్ల తరబడి ఒంట్లో చేరతాయి. వీటికి కాగబెట్టడం మందు కాదు, పైగా హాని. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న రెండు లీటర్ల నీళ్లను ఒకటిన్నర లీటరు మిగిలేదాకా మరిగిస్తే ఆవిరైపోయేది నీరే, ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది. లీటరుకు రెండు మిల్లీగ్రాములు అవుతుంది.

ఫ్లోరైడ్ బాధను మన దేశంలో తొలిసారి శాస్త్రీయంగా గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల మనుషులను పరీక్షించారు. వెన్నెముక కర్రలా బిగుసుకుపోయినవాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు, పళ్ల మీద గోధుమ రంగు మచ్చలున్న పిల్లలు కనిపించారు. కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. 1955లో నల్గొండ పరిస్థితి గురించి ఎ.హెచ్. సిద్దికీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ తర్వాత నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను దించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టింది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అని ప్రమాణం.

గ్రానైటు రాతిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీటిలో సున్నం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దించేస్తుంది. సున్నం తక్కువై సోడా లవణాలు ఎక్కువుంటే ఫ్లోరైడ్ నీటిలోనే నిలిచిపోతుంది. అందుకే బట్టలకు సబ్బు నురగ బాగా వచ్చే మెత్తటి నీళ్లే కొన్నిచోట్ల ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్లు కావచ్చు. ఖేడ్ వైపు నల్లరాతి నీళ్లలో సాధారణంగా సున్నం ఎక్కువ కాబట్టి ఈ బెడద గ్రానైటు ప్రాంతాలంత ఉండకపోవచ్చు. కానీ పక్కపక్క బోర్లలోనే తేడాలుంటాయి. రాయి రకాన్ని బట్టి ఊహించుకుని ఊరుకోకూడదు, ఏ బోరుకు ఆ బోరు పరీక్ష చేయించాల్సిందే.

నైట్రేట్ సంగతి వేరు. అది రాతి నుంచి కాదు, మన నుంచే వస్తుంది. యూరియా, పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంత. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం తెలంగాణలో పరీక్షించిన నమూనాల్లో నాలుగో వంతుకు పైగా, లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దును దాటాయి. పెద్దవాళ్ల కంటే పాలడబ్బా పిల్లలకు ఇది ముప్పు. నెలల పసికందు పేగుల్లో నైట్రేట్ నైట్రైట్‌గా మారి రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుంది, బిడ్డ ఒళ్లు నీలంగా మారుతుంది. 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే వైద్యుడు బావి నీళ్లతో పాలపొడి కలిపి పట్టిన పిల్లల్లో దీన్ని గుర్తించారు. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ భయం ఉండదు. బోరు నీళ్లతో పాలు కలపాల్సి వస్తే నైట్రేట్ పరీక్ష చేయించాకే కలపాలి, కాచితే సరిపోతుందనుకోవద్దు.

రెండు గ్లాసుల గారడీ

ఇప్పుడు టీడీఎస్ మీటరు దగ్గరికి వద్దాం. అది చేసేది ఒక్కటే. నీటిగుండా కరెంటు ఎంత సులువుగా పోతుందో కొలిచి, దాన్నుంచి కరిగిన లవణాలు మొత్తం ఎన్ని ఉండవచ్చో అంచనా వేస్తుంది. ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా మంచిది, వేరే నీరు లేకపోతే 2,000 దాకా సరే. ఈ అంకె రుచి గురించి చెబుతుంది. ఆ లవణాల్లో ఫ్లోరైడ్ ఎంతో, నైట్రేట్ ఎంతో చెప్పదు. క్రిముల గురించి అసలే చెప్పదు. కలరా క్రిములున్న నీటిలో పెట్టినా 80 అనే చూపించవచ్చు. ఆ 80ని చూసి తృప్తిగా తాగేవాళ్లున్నారు.

ఫిల్టర్లు అమ్మేవాళ్లు కొందరు ఇంటికొచ్చి చేసి చూపించే ప్రదర్శన ఒకటుంది. ఒక గ్లాసులో మీ నల్లా నీళ్లు, ఇంకో గ్లాసులో ఆర్వో నీళ్లు. రెండింటిలోనూ లోహపు కడ్డీలున్న పరికరం పెట్టి కరెంటు ఇస్తారు. కాసేపటికి నల్లా నీళ్లు తుప్పు రంగుకు తిరిగి, చిక్కగా, రోతగా కనిపిస్తాయి. ఆర్వో నీళ్లు అలాగే ఉంటాయి. "ఇదీ మీ పిల్లలు తాగుతున్నది" అంటారు. ఇంటావిడ గుండె జారిపోతుంది. అసలు అక్కడ జరిగిందేమిటి? కడ్డీల్లో ఒకటి ఇనుపది. లవణాలున్న నీటిలో కరెంటు బాగా పోతుంది కాబట్టి ఆ ఇనుము కరిగి తుప్పు మడ్డిగా తేలుతుంది. ఆ మడ్డి నీటిలోది కాదు, కడ్డీలోది. లవణాలు లేని ఆర్వో నీటిలో కరెంటు సరిగా పోదు, కడ్డీ కరగదు. నమ్మకం లేకపోతే ఆ ఆర్వో గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కరెంటు ఇమ్మని అడగండి. అదీ తుప్పు రంగుకు తిరుగుతుంది.

ఆర్వో పనికిరానిదని నేను అనను. ఫ్లోరైడ్, నైట్రేట్ ఎక్కువున్న బోరు నీటికి ఇంట్లో వాడగలిగిన సాధనాల్లో అది నమ్మదగినది. మంజీర నీళ్లు శుద్ధి అయి వస్తున్న ఇంట్లో మాత్రం దాని అవసరం పెద్దగా లేదు, పైగా పారబోసే నీళ్లే ఎక్కువ. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో చెప్పింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఆర్వో యంత్రంలోని బొగ్గు ఫిల్టరు క్లోరిన్‌ను ముందే తీసేస్తుంది. బయటికొచ్చే నీళ్లు శుభ్రమైనవే కావచ్చు గానీ వాటికి ఇక కాపలా ఉండదు. సరిగా కడగని ఇరవై లీటర్ల క్యానులో పట్టి, ఎండలో తిప్పి, నాలుగు రోజులు వాడితే లోపల క్రిములు పెరగకుండా ఆపేదేమీ లేదు. క్యాను నీళ్లు కొనేవాళ్లు టీడీఎస్ ఎంతని అడుగుతారు. క్యానును దేనితో కడుగుతున్నారని అడగాలి.

మన సంగారెడ్డి జిల్లాలోనే ఇంకో రకం కల్మషం ఉంది, దాన్ని ఇంట్లో ఏ కిట్టూ పట్టుకోలేదు. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థాల మీద 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటే అది ఎక్కువ. ఆ చుట్టుపక్కల బావుల్లోనూ మందుల జాడలు దొరికాయని తర్వాతి అధ్యయనం చెప్పింది. అలాంటి నీటిలో బతకడం నేర్చుకున్న క్రిములకు ఆ మందు ఇక పనిచేయదు. ఆ వ్యర్థాలు నక్కవాగు గుండా మంజీరలో కలిసేది సంగారెడ్డికి దిగువన. సింగూరు దానికి ఎగువన ఉంది కాబట్టి ఖేడ్ నల్లాలకు ఆ భయం లేదు. కానీ సింగూరుకు ఎగువనా పట్టణాలున్నాయి, పరిశ్రమలున్నాయి. జలాశయం నీటిని లోహాలు, పురుగుమందులు, ఔషధాల కోసం ప్రయోగశాలలో పరీక్షించడం ప్రభుత్వం పని. ఆ ఫలితాలు అడగడం మన హక్కు.

ఇంటి స్థాయిలో చేయగలిగింది ఇది. వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి మీ బావి, బోరు నీళ్లను జిల్లా నీటి ప్రయోగశాలకు పంపండి. ఫ్లోరైడ్, నైట్రేట్ కోసమైతే శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ సీసా చాలు. క్రిముల కోసమైతే కూల్‌డ్రింక్ సీసాలో పట్టకూడదు, ప్రయోగశాల వాళ్లిచ్చే శుద్ధిచేసిన సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి, అదే రోజు చేర్చాలి. నల్లా గుంత ఉంటే పూడ్చి, నల్లాను నేల కంటే పైకి ఎత్తించుకోండి. నల్లాకు నేరుగా మోటారు పెట్టవద్దు. నీళ్లు ఆగి తిరిగొచ్చిన రోజు మొదటి నీళ్లను బట్టలకో మొక్కలకో వదిలేసి, తాగేవాటిని ఆ రోజుకు కాచుకోండి.

పంచాయతీ కార్యదర్శులకు, భగీరథ ఇంజినీర్లకు ఒక్క విన్నపం. సరఫరా ఆగుతుందని తెలిసిన రోజే ఊళ్లోని ప్రతి తాగునీటి బావిలో తాజా బ్లీచింగ్ వేయించండి, ఏ బావి నీళ్లు తాగవచ్చో ఏవి తాగకూడదో దండోరా వేయించండి, ఆశా కార్యకర్త చేతిలో క్లోరిన్ మాత్రలు ఉంచండి. వైద్య శిబిరం పెట్టే రోజున ఇవన్నీ ఎలాగూ చేస్తారు. ఐదు రోజుల ముందు చేస్తే ఆ శిబిరం అవసరమే ఉండదు.